సున్నా రావాలి

మొన్న మంగళవారం బరంపురం నుంచి ఒక పార్సెల్ వచ్చింది. శృంగవరపుకోటలో నా మైకు సెట్ల షాపుకి వచ్చే పార్సెళ్లన్నీ దాదాపు ఒకటే రకం: కాలిపోయిన యాంప్లిఫయరు, లేకపోతే పెళ్లి ఊరేగింపులో గొంతు చిరిగిన స్పీకరు. ఇది అలా లేదు. పాత చీరముక్కలో చుట్టి, దాని మీద న్యూస్ పేపరు చుట్టి, చంటిపిల్లని పంపినట్టు పంపారు. విప్పితే అరచేతికి కాస్త పెద్దదైన అల్యూమినియం డబ్బా. పైన తిప్పే బొత్తాలు రెండు, కాలితో నొక్కే స్విచ్చి ఒకటి. అడుగున మేకుతో గీకిన ఏడంకె. ఆ ఏడుకి నడుము మీద అడ్డగీత ఉంది. ఏడుకి మొలతాడు కట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే, మా బావ. డబ్బాతో పాటు ఒక చీటీ: "అన్నయ్యగారూ, ఇన్నేళ్లూ ఇది నోరెత్తలేదు. ఈమధ్య ఎవరూ వాయించకపోయినా సన్నగా ఈల వస్తున్నది. లీకు అనుకుంటాను. కాస్త చూసి పంపండి." చీటీ చదివి, లేచి వెళ్లి షాపులో ఫ్యాను కట్టేసి, మళ్లీ వచ్చి చదివాను.

ఆ డబ్బాని రింగ్ మాడ్యులేటరు అంటారు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాం కాబట్టి, అదేమిటో మా బావ చెప్పినట్టే చెబుతాను. బావ అంటే మా అక్క మొగుడు. ఎచ్చెర్ల అవతల ఒక ఇంజినీరింగు కాలేజీలో ల్యాబు చూసుకునేవాడు, ఆదివారం బాప్టిస్టు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. "ఒరే బామ్మర్దీ, ఇటు సూడు. ఈ కన్నంలోంచి నీ వాయిద్యం లోపలికి పోతాది. లోపల ఇంకో సొద అదే పనిగా మోగతంటాది. రెండూ గుణించుకుంటాయి. బయటికి ఇదీ రాదు, అదీ రాదు. రెండూ కూడితే వచ్చీది, తీసేస్తే వచ్చీది, ఆ రెండే వస్తాయి" అన్నాడు. "అంటే నువ్వూ అక్కా గదిలోకెల్లి తలుపేసుకుంటే బయట నాకు వినిపించీదేనా బావా?" అన్నాను. వంటింట్లోంచి అక్క, "ఒరే, ఈ పూట నీకు అట్టు లేదు, ఎల్లిపో" అంది. బావ నవ్వి, "గుణకారంలో ఒక అంకె సున్నా అయితే జవాబేటి?" అని అడిగాడు. ఎనిమిది దాకా ఆ మాత్రం చెప్పారు నాకు. "సున్నా" అన్నాను. "అదీ. నువ్వు వాయించకపోతే సున్నా రావాలి. రాలేదంటే లోపలి సొద బయటికి కారిపోతన్నట్టు. దాన్నే లీకు అంటారు."

ఆ లీకు కట్టడానికి లోపలి నాలుగు డయోడ్లు, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్కలు, ఒకే తల్లి పిల్లల్లా ఉండాలి. అలాంటివి కొత్తవాటిలో దొరకవని, మా షాపు అటక మీద పడి ఉన్న పాత ట్రాన్సిస్టరు రేడియోలు విప్పించేవాడు. ఊళ్లో చచ్చిపోయిన రేడియోలన్నీ నా దగ్గరే ఉన్నాయి. బాగుచేయమని ఇచ్చినవాళ్లలో సగంమంది వాటికన్నా ముందే పోయారు. ఒక్కో రేడియోలోంచి గాజు గొట్టం లాంటి డయోడ్లు, బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దవి, తీసి ఇచ్చేవాణ్ణి. బావ వాటిని వరసగా పేర్చి, ఊపిరి బిగబట్టి కొలిచేవాడు. వేలు తగిలితే ఆ వేడికే మాట మార్చేస్తాయట. యాభై కొలిస్తే నాలుగు కుదిరేవి. తరవాత డబ్బా లోపల చిన్న మరని వాచీ రిపేరువాళ్ల స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతూ, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సున్నా కోసం కూర్చునేవాడు. చేప కోసం గాలం వేసినవాడిలా కూర్చునేవాడు.

ఇలాంటి పిచ్చి ఈయనొక్కడికే అనుకునేవాణ్ణి. కాదు. ఫోన్లో ఒక గ్రూపు ఉంది, దేశమంతా ఉన్నారు. మన వైపు అయిదారుగురు: విజయనగరంలో పళ్ల డాక్టరు, పార్వతీపురంలో ఒక బ్యాంకాయన, బరంపురంలో సంగీతం టీచరు ఒకావిడ, ఇలా. అందరూ కరెంటుతో చప్పుళ్లు పుట్టించే సింథసైజర్లు సొంతంగా చేసుకునేవాళ్లే. అన్నేళ్లలో వీళ్లెవరూ ఒక పాట పూర్తిగా వాయించగా నేను చూడలేదు. ఒక చప్పుడు చేస్తారు, ఆహా అంటారు, దాని గురించి మూడు రోజులు మాట్లాడుకుంటారు. బావ ఒక ఆదివారం ధైర్యం చేసి చర్చిలో కీబోర్డుకి ఈ డబ్బా తగిలించాడు. అప్పటిదాకా తేనెలా సాగుతున్న వాయిద్యం ఉన్నట్టుండి నీళ్లలో మునిగిన గంటలా, తుప్పుపట్టిన ఇనపగేటు ఏడుపులా మారిపోయింది. ముందు వరసలో కూర్చునే ముసలావిడ ప్రార్థన అయ్యాక వచ్చి, "బాబూ, ఇది పైనించి వచ్చినాదా, కిందనించి వచ్చినాదా?" అని అడిగింది. బావ జవాబు చెప్పలేదు. నిజానికి ఆయనకి ఆమె మాట వినబడలేదు. ఆమె కుడివైపు నిలబడి అడిగింది. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు నేను నవ్వుతున్నాను.

ఏడో డబ్బా దగ్గర బావకి సున్నా రాలేదు. వాళ్ల ల్యాబులో ఆసిలోస్కోపు ఉండేది, చప్పుడుని గీతగా చూపించే పెట్టె. దాని మీద పెడితే పాపిట తీసినట్టు తిన్నటి గీత. "స్కోపు ముసల్దయిపోనాది, దానికి కనిపించట్లేదు" అన్నాడు. నాకు వినిపించమని ఇచ్చాడు. నాకేమీ వినబడలేదు. "నీ సెవులు హారన్ల దగ్గర పడుకుని పాడైపోనాయి" అన్నాడు. అది నిజమే కావచ్చని ఊరుకున్నాను. ఇరవై ఏళ్లు జాతర మైకుల కింద బతికినవాడి చెవికి సాక్ష్యం చెప్పే అర్హత ఎక్కడిది?

ఆ శీతాకాలంలో గ్రూపువాళ్లంతా ఒక పొద్దున్న భావనపాడు తీరంలో కలిశారు. ఇసుకలో టార్పాలిన్ పరిచి, కారు బ్యాటరీ పెట్టి, ఎవరి డబ్బాలు వాళ్లు పరిచారు. నేను మైకూ స్పీకరూ మోసుకెళ్లాను, మోసేవాడికి ఉప్మా పెడతారని. బావ ఆ మైకుని సముద్రం వైపు తిప్పి, అలల చప్పుడు ఏడో డబ్బాలోంచి పోనిచ్చాడు. స్పీకరులోంచి అలలు రావడం మానేసి, ఎక్కడో చాలా దూరంలో వెయ్యి ఇత్తడి పళ్లేలు ఒకదాని మీద ఒకటి జారుతున్నట్టు మొదలైంది. ఎండ బాగానే ఉంది, నా చేతుల మీద మాత్రం వెంట్రుకలు లేచాయి. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి, "ఆపీండి బాబూ. గాలివాన ముందర దూరంగా ఇలాగే ఉంటాది" అన్నాడు. ఆపేశారు. మైకు తీసేశారు. ఇక సున్నా చూద్దామని హెడ్‌ఫోన్లు చేతులు మారాయి. పళ్ల డాక్టరు విని "ఏమీ లేదండీ, అద్భుతం" అన్నాడు. బ్యాంకాయన తల ఊపాడు. బరంపురం టీచరమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు విని, "నిద్రపోయిన ఇల్లులా ఉంది అన్నయ్యా" అంది. చివర బావ పెట్టుకున్నాడు. ఆయన ముఖం మారలేదు. "ఇంకా ఉన్నాది. సన్నగా, ఈలలాగ. మీకెవలికీ వినిపించట్లేదేటి?"

అందరూ ఇబ్బందిగా నా వైపు చూశారు. అలాంటప్పుడు జనం నా వైపు చూస్తారు. నా ఉద్యోగమే అది. "బావా, ఇంతమందికి వినిపించంది నీకొక్కడికే వినిపిస్తందంటే లీకు డబ్బాలో లేదు, నీ బుర్రలో ఉన్నాది. వాషరు మార్పించుకో" అన్నాను. ఇసుకలో పడి నవ్వారు. బావ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా, మా ముఖాలు చూసి. నా జన్మలో ఒక లెక్కకి సరైన జవాబు చెప్పింది ఆ ఒక్కసారే. అది జోకు అనుకుని చెప్పాను. లీకున్న డబ్బా ఎవరికీ ఇవ్వనని బావ పట్టుబట్టినా టీచరమ్మ వినలేదు. నాకు వినబడని లీకుతో నాకేం పని అని ఏడో డబ్బా సంచిలో వేసుకుని రైలెక్కింది.

బావ ఎనిమిది మొదలుపెట్టాడు. తరవాత తొమ్మిది. నా అటక మీద రేడియోలు అయిపోతున్నాయి. టీవీ గట్టిగా పెట్టేవాడు. ఫోను ఎడమ చెవికి మార్చాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవాడు. చర్చిలో పాట ఒక దారి, కీబోర్డు ఒక దారి అయ్యేవి. అక్క ఒకరోజు ఫోన్ చేసి, "మీ బావకి ఏటయినాదిరా? నాను పిలిస్తే పలకడు, ఆ డబ్బా పిలిస్తే పలుకుతాడు" అంది. "అది నీకన్నా తక్కువ మాట్లాడతాది కదే" అన్నాను. అక్క నవ్వలేదు. నవ్వకుండా ఫోను పెట్టేయడం మా అక్క అలవాటు కాదు. ఆ సంగతి కూడా గమనించాను. గమనించి టీ తాగడానికి వెళ్లాను.

భావనపాడు అయి ఏడాది దాటాక ఒక శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. అక్క పెరట్లో చేపలు తోముతోంది. బావ ముందుగదిలో పదకొండో డబ్బాతో కుస్తీ పడుతున్నాడు. చేతులు కడుక్కోవడానికి ఆయన లేచినప్పుడు నాకు అల్లరి బుద్ధి పుట్టింది. డబ్బాలోంచి బ్యాటరీ పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. బ్యాటరీ లేకపోతే ఆ డబ్బా ఉత్త రేకు. బావ కాసేపు తిప్పి తిప్పి తెల్లబోతాడు, అక్కని పిలిచి నవ్వుదాం, ఇదీ నా పథకం. ఆయన వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్క్రూ తిప్పడం మొదలెట్టాడు. "తగ్గింది" అన్నాడు. నేను పెదవి కొరుక్కున్నాను. "ఆఁ, బాగా తగ్గిందిరా. ఉండు... అయ్యో, మళ్లీ వచ్చీసింది." నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ తల అడ్డంగా ఊపాడు. నా నోట్లో ఉన్న నవ్వు ఎటు పోయిందో తెలియదు. జేబులో బ్యాటరీ చదరంగా, బరువుగా, గుండె మీద ఆనుకుని ఉంది.

తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. బావ దాన్ని చూశాడు. డబ్బా తిరగేసి ఖాళీ గూడు చూశాడు.

"ఎప్పుడు తీసీసినావు?"

"నువ్వు సేతులు కడుక్కుంటన్నప్పుడు."

మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. కుడి చెవి అరచేత్తో మూసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. "మరి ఇదేటిరా?" అన్నాడు. అంత చిన్న గొంతుతో మా బావ మాట్లాడగా నేను వినలేదు. పెరట్లోంచి అక్క, "ఏటి, ఇద్దరూ సప్పుడు సెయ్యట్లేదు?" అని కేకేసింది.

విశాఖపట్నంలో డాక్టరు, చెవి నుంచి మెదడుకి పోయే నరం మీద గడ్డ ఉందన్నాడు. నెమ్మదిగా పెరిగే రకమట, పెరిగి పెరిగి మెదడు మీద ఆనుకుందట. ఈల మొదట ఎప్పుడు విన్నారని అడిగితే బావ, "భావనపాడుకి ముందు" అన్నాడు. డాక్టరుకి భావనపాడు ఏమిటో తెలియదు. నాకు తెలుసు, నేల మీద టైల్స్ చూస్తూ నిలబడ్డాను. చిన్నగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే వినికిడి కాపాడటానికి ప్రయత్నించేవాళ్లం అన్నాడు డాక్టరు. ఆపరేషనులో ప్రాణం దక్కింది, కుడి చెవి పోయింది. ముఖంలో కుడి సగం జారింది. నా జోకులకి మా బావ ఇప్పుడు సగమే నవ్వుతాడు. కీబోర్డు మానేశాడు, డబ్బాలన్నీ మంచం కిందకి పోయాయి. చెవి పోయినా ఈల మాత్రం పోలేదట. అది ఆయనతోనే అన్నం తింటుంది, ఆయనతోనే చర్చికి వెళుతుంది.

అందుకే మొన్న టీచరమ్మ చీటీ చూసి ఫ్యాను కట్టేశాను. ఏడో డబ్బాకి కొత్త బ్యాటరీ వేసి విన్నాను. ఏమీ లేదు. ల్యాబువాళ్లు అమ్మేసిన ఆ ముసలి స్కోపు ఇప్పుడు నా దగ్గరే ఉంది. దాని మీద పెట్టాను. తిన్నటి గీత. అయినా నా చెవినీ నమ్మను, ముసలి పెట్టెనీ నమ్మను. పాత డయోడ్లు ఏళ్ల తరవాత మారిపోతాయని బావ అనేవాడు. అలా మారి ఉంటే ఎంత బావుణ్ణు అనుకుంటూ బుధవారం పొద్దున్నే బస్సెక్కి ఎచ్చెర్ల వెళ్లాను. డబ్బా బల్ల మీద పెడితే బావ ఆ అడ్డగీత ఏడుని వేలితో తడిమాడు. ఎడమ చెవికి ఒక్కదానికే హెడ్‌ఫోను ఆనించుకున్నాడు. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఈ సెవిలో ఏటీ లేదురా" అన్నాడు బావ చాలాసేపటికి. "సున్నా." ఆయన ముఖంలో పనిచేసే సగం వెలిగింది. "అప్పుడే సేసీసినాన్రా నాను. ఏడో దానికే సున్నా వచ్చీసినాది."

వెంటనే ఆ వెలుగు ఆరిపోయింది. చీటీ తీసుకుని చదివాడు. "ఆవిడికి ఫోన్ సెయ్యి. ఇప్పుడే. జోకు ఎయ్యకు" అన్నాడు.

చేశాను. టీచరమ్మ రెండో రింగుకే ఎత్తింది. డబ్బా దొరికిందా, లీకు ఎక్కడ అన్నయ్యా అని ఉత్సాహంగా అడిగింది. నాకు తెలిసిన ఆరేడు వందల జోకుల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "అమ్మా, డబ్బా ఇక్కడ మా బావ చేతిలో ఉంది. మీ దగ్గర లేదు. ఇప్పుడు ఆ ఈల మీకు వినిపిస్తోందా?" అన్నాను.

"డబ్బా మీ దగ్గర ఉంటే నాకెలా..." అని ఆగిపోయింది. వాళ్లింట్లో ఎవరో కిటికీ రెక్కలు మూస్తున్న చప్పుడు వినబడింది. ఆవిడ ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడు కూడా వినబడింది. బావ నా ముఖమే చూస్తున్నాడు. లీకు డబ్బాలో లేదని మా బావతో జోకు కాకుండా అనడానికి నాకు ఏడాది పైన పట్టింది, ఆవిడతో అనడానికి ఒక రోజు పట్టింది, ఆ ఒక్క రోజు కూడా ఎక్కువైపోయిందేమో అని ఫోను పట్టుకుని నిలబడ్డాను; కాలం ఎవరూ వాయించకపోయినా లోపల మోగుతూనే ఉంటుంది, దానికి ఇంతవరకూ ఎవరూ సున్నా పెట్టలేదు.