మెట్ల కింద మూల

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. చాలా ఏళ్లుగా ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. కంటికి కనిపించనిదాన్ని కూడా గాజుపలక మీద వేసి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి చూడటమే నా ఉద్యోగం. మా చెల్లెలు గుమ్మానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కడుతుంది. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ విషయం మీద దానికీ నాకూ గొడవే. కాబట్టి ఇది చదివి, ఈవిడకు ముందే ఇలాంటి పిచ్చి ఉందని అనుకోకండి. లేదు, ఇప్పటికీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేము వెస్ట్ మారేడ్‌పల్లిలో అద్దెకుంటాం. కింది వాటా మాది, పై వాటా ఖాజా భాయ్‌ది. రాంగోపాల్‌పేట్‌లో మా ఆయనకు మిక్సీలూ మోటార్లూ బాగుచేసే షాపు ఉంది. దాని పక్కదే ఖాజా భాయ్ టైలరు షాపు. ఈ ఇల్లు మాకు చూపించింది ఆయనే. ఇద్దరూ ఒకే స్కూటరు మీద పోతారు, ఒకే స్కూటరు మీద వస్తారు. దారంతా ఏం మాట్లాడుకుంటారో గానీ, గేటు దగ్గర దిగాక కూడా ఆ మాటలు తెగవు.

పైకి వెళ్లే మెట్లు మా వరండా పక్క నుంచే ఉన్నాయి. వాటి కింద నీళ్ల మోటారు, మోటారు వెనక ఒక మూల. చీపుళ్లూ పాత బకెట్లూ పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నేను చెప్పబోయేదంతా ఆ మూల గురించే.

మాకు పిల్లలు లేరు. మోతీ అని ఒక కుక్క ఉండేది. తెల్లటి ఒళ్లు, ఒక కంటి చుట్టూ నల్లమచ్చ. మా ఆయన షాపు ముందు వానలో దొరికితే చొక్కాలో పెట్టుకుని తెచ్చారు.

అది పిల్లగా ఉన్నప్పుడు ఒక శుక్రవారం, ఖాజా భాయ్ జుమ్మా నమాజుకని తెల్ల కుర్తా పైజామా వేసుకుని దిగారు. ఆయన్ని చూసి మోతీ సంతోషం పట్టలేక ఎగిరి, కుర్తా అంతా నాకేసింది. కుక్క నోటి తడి తగిలిన బట్టలతో వాళ్లు నమాజు చేయరు. పాపం, ఆయన మళ్లీ పైకి వెళ్లి, కాళ్లూ చేతులూ కడుక్కుని, ఇంకో జత వేసుకుని మసీదుకు చేరేసరికి అందరూ బయటికి వస్తున్నారట. మా ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారం నుంచి మోతీకి పాఠాలు మొదలు. శుక్రవారం మధ్యాహ్నం పైన తలుపు గడియ తీసిన చప్పుడు కాగానే మా ఆయన "మోతీ, జరుగు" అని మెట్ల కింద మూల చూపించేవారు. కొన్నాళ్లకు చెప్పే పనే లేకపోయింది. గడియ చప్పుడైతే చాలు, మోతీ తనే లేచి వెళ్లి ఆ మూలలోకి ఒదిగి, గోడవైపు మొహం పెట్టి కూర్చునేది. ఖాజా భాయ్ గేటు దాటాకే బయటికి వచ్చేది. మిగతా రోజుల్లో ఆయన లుంగీతో దిగితే మాత్రం తోక ఊపుకుంటూ ఎదురెళ్లేది.

"గియ్యాల శుక్రవారమని దీనికి ఎవరు చెప్తరు భాభీ?" అని ఖాజా భాయ్ తెగ ముచ్చటపడేవారు. దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు గానీ, బక్రీదు వస్తే ముందు మోతీకి బొక్కలు దిగేవి, ఆ తర్వాతే మాకు మటన్.

మోతీకి కిడ్నీలు పాడయ్యాయి. రిపోర్టు చదవడం నాకు వచ్చు కాబట్టి డాక్టరు చెప్పక ముందే నాకు తెలిసిపోయింది. చివరి శుక్రవారం నాటికి వెనక కాళ్లు పడిపోయాయి. వరండాలో పాత దుప్పటి మీద పడుకుని ఉంది. పైన గడియ తీసిన చప్పుడు వినపడింది. మోతీ ముందు కాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటూ ఆ మూలకు బయల్దేరింది. మా ఆయన ఎత్తుకోబోతే మూలిగింది గానీ ఆగలేదు.

ఖాజా భాయ్ మెట్ల మీదే నిలబడిపోయారు. తర్వాత దిగి, మెట్ల కింద వంగి, తెల్లబట్టలతోనే దాని తల మీద చెయ్యి పెట్టారు. ఇన్నేళ్లలో ఆయన దాన్ని తాకడం అదే మొదలు. "ఇగ జరగకు బిడ్డా, నేనే జరుగుత" అన్నారు. మళ్లీ పైకి వెళ్లి అంతా కడుక్కుని, బట్టలు మార్చుకుని వెళ్లారు. ఆ సాయంత్రం మోతీ ఆ మూలలోనే పోయింది. నేను వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చాను.

మా ఆయన ఏడవలేదు. నాకు అదే భయమైంది. మాట తగ్గింది, పొద్దుటి నడక ఆగింది, షుగరు పెరిగింది. రక్తం తీసేది నేనే కాబట్టి నా దగ్గర దాచడానికి లేదు. మాత్రలు చేతిలో పెడితే వేసుకునేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. షాపులో కూడా షట్టరు సగమే ఎత్తి చీకట్లో కూర్చుంటున్నారని ఖాజా భాయ్ చెప్పారు. "అన్నను చూస్తే పరేషాన్ అయితుంది భాభీ. జెర ఏమన్న చెయ్యుండ్రి" అన్నారు.

ఆ రోజుల్లోనే ఇంటి ఓనరు మెట్ల కింద కారుతున్న పైపు మార్పించారు. మూలంతా తవ్వి, సిమెంటు పోసి, నేలకూ గోడకూ కొత్త టైల్స్ వేయించారు. సిమెంటు మరకలు పోవడానికి నేనే యాసిడ్ పోసి కడిగాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక లాభం లేదని, మా ఆయనకు చెప్పకుండా అల్వాల్‌లో వీధికుక్కల్ని చేరదీసే షెల్టరుకు వెళ్లాను. అక్కడ ఒక గోధుమరంగు ఆడకుక్క ఉంది. ఎడమ చెవి సగం లేదు. అందరూ కుక్కపిల్లల్నే అడుగుతారట, దీన్ని అడిగినవాళ్లు లేరు. కళ్లు తెరవని వయసులో చెత్తకుప్ప దగ్గర దొరికింది, అప్పటి నుంచి షెల్టరులోనే పెరిగింది. వేరే ఇంటి గడప తొక్కి ఎరగదు. ఇది కూడా గుర్తుంచుకోండి. వాళ్లు పెట్టిన పేరు బ్రౌనీ.

అక్కడి అమ్మాయి ముక్కుసూటి మనిషి. "రెండు వారాలు ఉంచుకొని చూడుండ్రి ఆంటీ. కుదరకుంటే మేమే వచ్చి తీసుకపోతం. కానీ వాపస్ వచ్చిన కుక్కను మళ్ల ఎవ్వరు తీసుకోరు. సోచాయించుకోండ్రి" అంది. నేను సోచాయించుకోలేదు, ఇంకో ఆలోచన లేకుండా ఆటో ఎక్కించుకుని వచ్చేశాను.

మా ఆయన దాన్ని చూసి, చెప్పులు కూడా విప్పకుండా వరండాలోనే నిలబడ్డారు. "మోతీ జాగల ఇంకోదాన్ని తెచ్చి పెడ్తవా? వాళ్లు వస్తరు గద, ఇచ్చెయ్" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నాతో అన్న పెద్దమాట అదే. నాకూ ఒళ్లు మండింది. మీరు ఇలాగే కూర్చుంటే రేపు మిమ్మల్ని ఎవరికి ఇవ్వాలని గట్టిగానే అరిచాను.

మొదటి వారమంతా బ్రౌనీ మా మంచం కిందే ఉంది. ఆ శుక్రవారం అది గది దాటి బయటికే రాలేదు. రెండో వారంలో మెల్లగా వరండాలోకి రావడం మొదలుపెట్టింది. మా ఆయన దాన్ని పిలవలేదు, తిట్టలేదు, దానివైపు చూడనే లేదు. రెండు వారాల గడువు తీరే ఆదివారం షెల్టరు బండి వస్తుంది. దాని అన్నం గిన్నె కడిగినప్పుడల్లా, అల్వాల్ వెళ్లే బండిలో అది ఎలా కూర్చుంటుందో కళ్లముందు కనిపించేది.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం ఇది జరిగింది. జుమ్మా రోజున ఇద్దరూ భోజనం వేళకు ఇంటికి వచ్చేస్తారు. మా ఆయన వరండాలో అన్నం తింటున్నారు. నేను పప్పు వడ్డిస్తున్నాను. బ్రౌనీ గేటు దగ్గర ఎండలో పడుకుని ఉంది. పైన గడియ తీసిన చప్పుడైంది.

బ్రౌనీ తల ఎత్తింది. లేచింది. మా ముందు నుంచే నడుచుకుంటూ మెట్ల కిందికి వెళ్లి, మోటారు వెనక గోడవైపు మొహం పెట్టి కూర్చుంది.

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మా ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. ఖాజా భాయ్ దిగి వచ్చి, అలవాటుగా మెట్ల కిందికి చూసి, రెయిలింగు పట్టుకున్నారు.

"నువ్వు నేర్పినవా అన్నా?"

"నేను దాని మొహం సుత చూడలే భాయ్."

ఖాజా భాయ్ అవతలి గోడకు ఒరుసుకుంటూ నడిచి గేటు దాటారు. గేటు పడ్డాక బ్రౌనీ బయటికి వచ్చి ఒళ్లు దులుపుకుంది. మా ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, దాని ముందు నేల మీద చతికిలబడి, ఆ సగం చెవి మీద చెయ్యి వేసి భోరుమన్నారు. మోతీ పోయినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. నేను కదిలించలేదు.

ఆదివారం షెల్టరు బండి వస్తే మా ఆయనే గేటు దగ్గరికి వెళ్లారు. "ఏం తీసుకపోతరు, లోపటికి రాండ్రి, చాయ్ తాగి పోదురు" అన్నారు. సోమవారం పొద్దున్నే బ్రౌనీని తీసుకుని నడకకు బయల్దేరారు. షుగరు దిగింది. ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ అయ్యేది.

కానీ నా బుద్ధి ఊరుకోదు. మోతీ వాసన పట్టి వెళ్లిందేమో అనుకున్నాను. తవ్వి, టైల్స్ వేసి, యాసిడ్‌తో కడిగిన చోట వాసనేం మిగులుతుంది? అత్తరు వాసనేమో అనుకుంటే, అత్తరు ఖాజా భాయ్‌కి పడదు, తుమ్ములు వస్తాయి. తెల్లబట్టలు చూసి భయపడిందేమో అని, ఒక మంగళవారం అవే బట్టలతో దిగమని ఆయన్ని బతిమాలాను. బ్రౌనీ తోక ఊపుకుంటూ ఎదురెళ్లింది. ఆయన "యా అల్లా, పట్టుకోండ్రి భాభీ!" అంటూ వచ్చిన మెట్లే ఎక్కి పరుగు. గడియ చప్పుడా అంటే, అది రోజూ వినపడేదే. ఒక శుక్రవారం ఆయన షాపు నుంచే మసీదుకు వెళ్లిపోయారు, ఆ రోజు బ్రౌనీ కదలలేదు. కాకతాళీయమని ఒకసారికి ఒప్పుకుంటాను. ఆయన నమాజుకు దిగిన ప్రతి శుక్రవారమూ అదే జరిగితే ఏమనుకోవాలి?

మా చెల్లెలికి మాత్రం సందేహమే లేదు. "మోతీయే మళ్ల వచ్చిందక్కా" అంది. నోరు మూసుకోమన్నాను. అయితే అది మోతీ కాదని నాకు గట్టి రుజువే దొరికింది. దొరకకుండా ఉంటే బాగుండేది.

ముసురు పట్టిన ఒక శుక్రవారం. బ్రౌనీ ఎప్పటిలాగే మోటారు వెనక కూర్చుంది, కానీ సగం వీపు బయటికి వచ్చి తడిసిపోతోంది. ఇంకాస్త లోపలికి జరిగితే తడవదు కదా అని వంగి చూశాను. మోతీ ఒదిగి కూర్చునే మూల ఖాళీగా ఉంది. సరిగ్గా ఇంకో కుక్క పట్టేంత చోటు వదిలి, దాని పక్కన కూర్చుంది బ్రౌనీ.

లోపలికి నెట్టాను. గోళ్లు టైల్స్ మీద ఆనించి బిగుసుకుంది. మూలలో బిస్కెట్ వేశాను, ముట్టలేదు. మిగతా రోజుల్లో అదే మూలలో కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోతుంది, నేను ఎన్నోసార్లు చూశాను. శుక్రవారం ఆ కాసేపే ఆ చోటు వదులుతుంది. వేసవిలో ఎండకు వీపు కాలినా అంతే.

మా ఆయనకు చెప్పాను. "నీకు ఇప్పుడు కనవడ్డదా?" అని, మళ్లీ పేపర్లో తల పెట్టారు.

దానికి ఎవరు నేర్పారో, ఎవరికి చోటు వదులుతోందో నేను చెప్పలేను. చెప్పడానికి నా దగ్గర ఏ పరీక్షా మిగల్లేదు.

మొన్న శుక్రవారం మెట్ల కింద తుడుస్తున్నాను. తడిగుడ్డ చుట్టిన కర్ర మోటారు వెనక్కి పోనిచ్చేసరికి పైన గడియ చప్పుడైంది. "జెర జరుగమ్మా, ఖాజా భాయ్ వస్తున్నరు" అన్నాను, చేతిలో పని ఆపకుండానే. అన్నాక చూస్తే గోడకు కొట్టిన మేకుకు తగిలించి ఉండే కుక్క బెల్టు లేదు. బ్రౌనీని టీకా వేయించడానికి మా ఆయన తీసుకెళ్లి చాలా సేపయింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

ఖాజా భాయ్ దిగి, అవతలి గోడ పక్క నుంచి నడిచి, గేటు దాటేదాకా కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాతే ఆ మూల తుడిచాను.