మోస్రాలో ఆగిన భాగోతం

నిన్న నిజామాబాద్‌లో నాటకం చూడటానికి వెళ్లాను. మధ్యలో ఒక పసిబిడ్డ ఏడిస్తే, బయటికి తీసుకెళ్లమని మైకులో చెప్పారు. ఆ తల్లి తలొంచుకుని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు నాటకం మీద మనసు నిలవలేదు.

మన చిన్నప్పుడు మోస్రా ఊళ్లో పగటిపూట ఆడే భాగోతం మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. గోనెసంచులు పరుచుకుని, చెరుకు నములుతూ కూర్చునేవాళ్లం. ఒకసారి రాక్షసరాజు వేషం ఒక ఆడమనిషి కట్టింది. ముఖమంతా పసుపు రంగు, పెద్ద మీసం, అద్దాలు పొదిగిన కట్టె కిరీటం. నాకేమో నిజంగా మగవాడే అనిపించింది. కత్తి దూసి పద్యం ఎత్తుకోగానే తెర వెనక చంటిపిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. రాజు గొంతు తడబడింది. పద్యం ఆగిపోయింది.

నా పక్కనే కూర్చున్న మా ముసలవ్వ లేచి నిలబడింది.

"ముందుగాల పోరనికి పాలియ్యి బిడ్డా! మేమేడికి పోతం? గీడ్నే కూసుంటం" అంది.

"జర్ర ఆగుండ్రి అవ్వా, గిప్పుడే వస్త" అంటూ రాజు మీసంతోనే తెర వెనక్కి పరుగెత్తింది.

మద్దెల ఆగింది. ఆరోజు అక్కడున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మనలో ఒక్కరైనా లేచి వెళ్లారా? నేను మాత్రం తెర పక్కనుంచి తొంగి చూశాను. కిరీటం కింద పెట్టి పాలిస్తూ, పిల్లవాడి నుదుటికి అంటిన రంగును తుండుగుడ్డతో తుడుస్తోంది.

కాసేపటికి తిరిగొచ్చి, ఆపిన చోటు నుంచే పద్యం అందుకుని గర్జించింది. అంతా కళ్లారా చూసి కూడా, నేను హడలిపోయి అవ్వ వెనక దాక్కున్నాను.