బరువుకు అలవాటైన చేతులు

ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి మోటారుసైకిలుపై పాలు చేరవేసే ఆ యువకుడు, ఆదివారాలలో క్యాన్లు విప్పి అదే బండిపై బురద పందాలకు వెళ్లేవాడు. వెనుక బరువుకు అలవాటైన చేతులు కాబట్టి తొలి పందెంలో ఖాళీ బండి అదుపుతప్పి మొదటి మలుపులోనే పడిపోయాడు. అది మొదలు బండి వెనుక ఇసుక సంచి కట్టుకొని దిగేవాడు.

"పందానికచ్చినవా, ఇసుక అమ్మనీకచ్చినవా?" అని తోటివారు ఎగతాళి చేసేవారు.

"బరువు లేకుంటే బండి నా మాట ఇనదన్నా" అని నవ్వుతూ, పెట్రోలు ట్యాంకును గేదె వీపులా నిమిరేవాడు.

ఒక పందెంనాటి ఉదయం నా భార్యకు ఉబ్బసం ముదిరి ఊపిరాడలేదు. ఆటో కోసం మా ఎల్లారెడ్డి వీధిలో ఆరాటపడుతున్న నన్ను చూసి అతడు ఆగాడు. సంచి విప్పి పారవేసి, ఆమెను వెనుక కూర్చోబెట్టి, నా కండువాతో తన నడుముకు కట్టుకున్నాడు.

"ముగ్గురమైతే బండి ఉరకది. మీరు ఆటోల రాండ్రి సారూ."

నేను చేరేసరికి కామారెడ్డి దవాఖాన మెట్లపై పందెపు దుస్తులతోనే కూర్చొని ఉన్నాడు.

"అమ్మకు ఆక్సిజన్ పెట్టిండ్రు. పైలమే."

"మరి నీ పందెం?"

"మీ ఆటో కంటె ముందుగాలనే అచ్చిన గద సారూ!"

ఇప్పుడు పక్కగదిలో నుండి ఆమె, చాయ్ చల్లారిపోతున్నదని నన్ను కసురుకుంటున్నది. ఆ కసురు విన్న ప్రతిసారీ అతనికి మనసులోనే నమస్కరిస్తాను.