పసుపు బిళ్ల చేపలకు రాజమర్యాద

మదనపల్లెలో ఘని ముప్పై ఏళ్లుగా మనుషుల కొలతలు తీసి చొక్కాలు కుడుతున్నాడు. ఆయన కూతురు హఫ్సా చేపల కొలతలు తీసి, ఏమీ కుట్టకుండా, మళ్లీ నీళ్లలో వదిలేస్తుంది. దానికి జీతం కూడా ఇస్తారన్న సంగతి మీద ఆయనకు నేటికీ నమ్మకం కుదరలేదు.

"కుట్టేది లేదు, డెలివరీ లేదు. యాలమ్మా కొలిచేది?"

"పెరిగినాయో లేదో సూడాల కదా అబ్బాజీ" అంటుంది చేపల శాస్త్రవేత్త.

ఆరు నెలల కిందట హఫ్సా పుంగనూరు అవతల నల్లగుట్ట చెరువులో మూడు వందల రోహు చేపపిల్లలను వదిలింది. ఒక్కోదాని వీపు రెక్క పక్కన నంబరున్న చిన్న పసుపు బిళ్ల గుచ్చింది. వలలో బిళ్ల చేపలు ఎన్ని పడితే పిల్లలు అంత బాగా బతికినట్టు. ఒక్కటీ పడకపోతే చచ్చినట్టు. చచ్చాయని రిపోర్టు వెళ్తే, వచ్చే ఏడాది నుంచి ఆ చెరువుకు సర్కారు చేపపిల్లలు రావు, నలభై ఇళ్ల వలలు దండెం మీదే ఉంటాయి. అలాంటి రిపోర్టు నిరుడు కుప్పం దిక్కున ఒక చెరువు మీద ఆమే రాసింది. అక్కడి బెస్తలు ఇప్పటికీ బస్టాండులో కనబడితే టీ ఇప్పిస్తారు గానీ, చక్కెర వేయించరు.

వల వేసే నెలంతా నల్లగుట్ట బెస్తల సంఘం ప్రెసిడెంటు అంజినప్ప ప్రతి సోమవారం ఫోను చేశాడు. "పట్టిన చేపల్లో బిళ్లది ఒక్కటీ లేదు మేడమ్" అనేవాడు, ఏ మచ్చా లేని మనిషి గొంతుతో.

ఆఖరి రోజు హఫ్సా, సంచిలో చావుకబురు లాంటి రిపోర్టుతో, తనే గట్టు మీదికి వచ్చింది. వల ఒడ్డుకు చేరింది. అందులో పసుపు రంగు తళుక్కుమంది. వల లాగుతున్న పాపక్క ఆ చేపను రెండు చేతులా ఎత్తి, కళ్లకద్దుకుని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నీళ్లలో వదిలేసింది.

"అక్కా! ఏం చేస్తాండావ్?"

"అది మీది కదమ్మా! నంబరేసిన సర్కారు చేప. కూర చేసుకుంటే కేసు పెట్టరా?"

హఫ్సా అంజినప్ప వైపు తిరిగింది. ఆయన ఛాతీ విరిచాడు. "పట్టినవాటిలో ఉండాదా అని అడిగితిరి, లేదంటిని. వాటిని మేం పట్టుకుంటే కదా మేడమ్!"

హఫ్సాకు నవ్వాగలేదు, గట్టు మీదే కూలబడింది. "ఎన్ని వదిలేసినారు?"

"శానా" అంది పాపక్క. "నూటా పన్నెండు రెండుసార్లు వచ్చె. నలభై ఏడు నాలుగుసార్లు. దానికి సిగ్గే లేదు."

"నంబర్లు సదివినావా?"

"సెల్‌ఫోను వాడే దాన్ని, నంబర్లు సదవలేనా?"

ఆ పూటే మళ్లీ నాలుగు వలలు వేశారు. ముప్పై ఒక్క బిళ్లలు పడ్డాయి. సంచిలోని రిపోర్టు నాలుగు ముక్కలైంది, చెరువు నిలబడింది. అంజినప్ప టీ తెప్పించాడు, పాకంలా.

కొలతపలక మీద చివరగా పడుకున్నది నలభై ఏడు. ముప్పావు కిలో, నిగనిగలాడుతోంది.

"దీన్ని వదిలేద్దామా మేడమ్?" పాపక్క బతిమాలింది. "మనకు బాగా తెలిసినోడు."

వదిలేశారు. రిమార్కుల గడిలో హఫ్సా గంభీరంగా రాసింది: పాపక్క పూచీకత్తు మీద విడుదల.