తిట్టడానికి ఒక్కడు

"అన్న పోయాడన్నా. తెలిసిందేగా, ఇయ్యాలో రేపో అనుకుంటానే ఉన్నాం."

నా స్నేహితుడి తమ్ముడు ఫోనులో అన్న మాట ఇది. మాచర్లలో నేను స్కూలుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. 'పోయాడు' అన్న మాట ఇంకా లోపలికి దిగలేదు, 'తెలిసిందేగా' అన్న మాట మాత్రం ముల్లులా దిగింది. ఏం తెలుసు నాకు? నాకేమీ తెలియదు.

వాడికి నరసరావుపేటలో పురుగుమందుల షాపు ఉండేది. తరాలుగా వ్యాపారం చేసిన వైశ్యుల ఇల్లు వాడిది, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే ఇల్లు మాది. డిగ్రీలో ఒక బెంచీ మీద కూర్చున్నాం గానీ మమ్మల్ని కలిపింది చదువు కాదు, ఇద్దరికీ కాలు ఒకచోట నిలవకపోవడం. పరీక్షలు అయిపోగానే వాళ్ళ నాన్న స్కూటరు అడగకుండా తీసుకొని శ్రీశైలం బయలుదేరాం. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే బండి మొరాయించింది. ఈ బుద్ధి ముందు ఎవడికి పుట్టిందో తేల్చుకోలేక దారి పొడుగునా తిట్టుకుంటూ అడవిలో దాన్ని తోసుకెళ్ళాం. శిఖరం చేరేసరికి మరుసటి ఏడాది ఎక్కడికో కూడా మాట్లాడేసుకున్నాం. అప్పటినుంచి ఏటా ఒక కొండో, ఒక నదో, ఒక మంచుదారో.

ఊళ్ళో ఈ సంగతి తెలియనిచ్చేవాడు కాడు. షాపువాడు కొండలు పట్టుకు తిరుగుతాడని తెలిస్తే, మిరపకు తెగులొచ్చినప్పుడు వీడుంటాడో ఉండడోనని రైతులు పక్క షాపుకు పోతారని భయం. అందుకని ఎప్పుడడిగినా పెళ్ళికి వెళ్ళానని చెప్పేవాడు. ఒకసారి మంచుకొండల నుంచి ముఖం కమిలి నల్లబడి వస్తే, "ఏం పెళ్ళయ్యా అది, ఎండలో చేశారా?" అని ఒక పెద్దాయన అడిగాడు. "పందిరి చిన్నదైందిలే బాబాయ్" అన్నాడు, బిల్లు రాస్తూ తల కూడా ఎత్తకుండా. పక్కనే కూర్చొని పగలబడి నవ్వినవాణ్ణి నేనే.

మేము ఒకరినొకరు మెచ్చుకున్న పాపాన పోలేదు. హిమాచల్‌లో ఒక కనుమ ఎక్కుతుంటే నాకు గాలి అందలేదు. రాతి మీద కూలబడి వాంతి చేసుకుంటున్నాను. నా నుదురు అరచేత్తో పట్టుకొని, "చావాలంటే మాచర్లలో చావరా, ఈడ చస్తే నిన్ను మోసేదెవడు?" అన్నాడు. నా సంచీ కూడా తనే వేసుకొని కిందికి దింపాడు. ఆ సాయంత్రం వేడి అన్నంలో ఇంటినుంచి తెచ్చిన కందిపొడి కలిపి నా ముందు పెట్టి అన్న మాట నాకు బాగా గుర్తు: "జాలిపడితే కాళ్ళు వణుకుతయిరా. తిడితే నడుస్తయి."

కిందటేడు వెళ్ళినప్పుడు మొదటిసారి వాడు వెనకబడ్డాడు. నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. "ఏందిరా, పెళ్ళికూతురు నడక నడుస్తున్నావ్? షాపులో కూర్చొని కూర్చొని పొట్ట పెంచావు, దాన్ని మొయ్యలేక చస్తున్నావు" అన్నాను. వాడు కర్ర మీద ఆనుకొని నవ్వాడు. "తిట్టరా, తిట్టు. చానా రోజులైంది" అన్నాడు. నేను తిట్టాను. ఏం తక్కువ చేయలేదు.

ఆ తర్వాత మేము కలవలేదు. ఎండాకాలంలో ఫోను చేస్తే, "హైదరాబాదులో ఉన్నాన్రా, మావాళ్ళ పెళ్ళి" అన్నాడు. నాకు చెప్పాడు ఆ మాట. పురుగుమందు కొనడానికి వచ్చినవాడికి చెప్పే మాట నాకు చెప్పాడు. నేను నమ్మాను, వెధవని.

నేను వెళ్ళేసరికి ఇంటిముందు షామియానా వేశారు. వాడు సగమయ్యాడు. వాడి భార్య నన్ను అన్నయ్యా అంటుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కిందటేడు మేము కొండకు వెళ్ళకముందే కాలేయంలో క్యాన్సరని తేలిందనీ, హైదరాబాదులో ఉన్నది ఆసుపత్రిలోననీ అప్పుడు చెప్పింది. ఆమెకు తెలుసు, తమ్ముడికి తెలుసు, షాపు గుమాస్తాకు తెలుసు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నాతో ఒట్టు వేయించుకున్నారన్నయ్యా. వెళ్ళొద్దని కాళ్ళు పట్టుకున్నా ఆగలేదు. 'ఇంట్లో అందరూ నాతో మెల్లగా మాట్లాడతన్నారు. వాడొక్కడే మామూలుగా తిడతాడు. వాడిక్కూడా తెలిస్తే ఇంక నేను పోయినట్టే' అన్నారు."

ఇది విని పొంగిపోవాలట నేను. అక్కడున్న ఒకరిద్దరు అలాగే అన్నారు, ఎంత స్నేహమో చూశారా అని. నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. వాడికి కావలసింది వాడు పుచ్చుకొని పోయాడు. కాలేయం పాడైనవాణ్ణి పొట్ట పెంచావని తిట్టిన నోరు నాకు మిగిలింది. నాకూ ఒక మాట అడగాలని ఉంటుందని, ఒక పూట పక్కన కూర్చోవాలని ఉంటుందని వాడికి తట్టలేదా? తట్టే ఉంటుంది. అదే నా కోపం.

శ్మశానానికి కాస్త ఇవతల పాడె దింపారు. దింపుడు కళ్ళం అంటారు. ప్రాణం ఏ మూలనైనా ఉందేమోనని, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. మా చర్చివాళ్ళలో ఈ పద్ధతి లేదు. కొడుకు నాన్నా అని పిలిచాడు. తమ్ముడు పిలిచాడు. ఆ తర్వాత ఆ తమ్ముడే నావైపు చూసి, "నువ్వూ పిలువన్నా" అన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చొని వంగాను. "ఒరేయ్, లెగరా. ఏందా పడుకోవడం? దొంగనాయాలా, ఎంతసేపు నిలబడాల్రా నీకోసం?" అన్నాను. "ఏందయ్యా ఆ మాటలు" అని వెనక ఎవరో పెద్దాయన గొణిగాడు. రెండోసారి ఇంకా గట్టిగా తిట్టాను. మూడోసారీ తిట్టాను. ఇన్నేళ్ళలో వాడు నాకు ఒక్క తిట్టూ బాకీ ఉంచలేదు. చెవి వాడి నోటి దగ్గర పెట్టుకొని అలాగే ఉండిపోయాను.

"లెగు అన్నా, పొద్దుపోతంది" అని తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేశాడు, రోగిని లేపినంత మెల్లగా.