నా పేరుతో వచ్చిన పాఠాలు

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాకు డిగ్రీలో సీటు దొరికింది. పదో తరగతిలో ఫస్టు వచ్చే మా చెల్లెలికి దొరకలేదు. దూరవిద్య వాళ్ల రూలు అది. పద్దెనిమిదేళ్లు నిండి, ఒక ప్రవేశ పరీక్ష గట్టెక్కితే చాలు, బడి సర్టిఫికెట్ అడగరు. ఆ పరీక్షేమో టిక్కులు పెట్టేది. చదువు రాకపోయినా టిక్కు పెట్టడం నాకు బాగా వచ్చు.

తొంభైల చివర్లో మేం బెంగళూరు పక్కన హెబ్బగోడిలో ఉండేవాళ్లం. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీలో నేను అట్టపెట్టెలకు టేపు అంటించేవాణ్ని. డిగ్రీ ఉంటే కూర్చుని చేసే పని ఇస్తారని అమ్మ నమ్మకం. అప్లికేషన్ నింపే పని చెల్లెలికి అప్పగించాను. సబ్జెక్టు అన్నచోట అది గణితం అని రాసేసింది. నన్ను అడిగితే కదా!

పోస్టులో పుస్తకాలు వచ్చాయి. బొమ్మలున్నాయేమోనని తిరగేసి, గీతలు తప్ప ఏమీ లేవని తేల్చుకుని, దానికే ఇచ్చేశాను. బడి హోంవర్కు అరగంటలో ముగించి, మిగిలిన సాయంత్రమంతా అది నా డిగ్రీ చదివేది. రాసి పంపాల్సిన అసైన్‌మెంట్లు కూడా అదే రాసేది. సొంత చేతిరాతలో ఉండాలని నియమం. అందుకని నాలాగా వంకరగా రాయడం వారం రోజులు సాధన చేసింది. మొదటి దానికి మంచి మార్కులు వచ్చాయి, పక్కనే ఎర్రసిరాతో ‘చేతిరాత బాగుచేసుకోవాలి’ అని కూడా వచ్చింది. బడిలో చేతిరాతకు ప్రైజు తెచ్చుకున్న పిల్ల ఆ పూట అన్నం సరిగా తినలేదు. నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మూడో అసైన్‌మెంటులో ఒక లెక్క తప్పని కొట్టేశారు. వంపు గీత కింద ఎంత జాగా ఉందో కనుక్కునే లెక్క. పుస్తకం వెనక జవాబు పదహారు. చెల్లెలికేమో పదహారులో మూడో వంతు వస్తోంది. ఎన్నిసార్లు చేసినా అదే. బడిలో లెక్కల మేడం, పదో తరగతి పోర్షన్‌లో లేని పాఠం నాకెందుకు చూపిస్తావు అందట.

“ఆదివారం క్లాసుకు పోయి నువ్వే అడగల్లన్నా.”

“పోనీలేమ్మే. జాగా మనది కాదు కదా, ఎంతుంటే మనకేమి?”

“తమాషా వద్దన్నా. తప్పని ఒప్పుకుంటా. యాడ తప్పో చెప్పమను, అంతే.”

ఆదివారం క్లాసులు బెంగళూరు సిటీలో ఒక కాలేజీలో జరిగేవి. అప్పటిదాకా నేను ఒక్కదానికీ పోలేదు. సారు మా తెలుగు మాట్లాడే మనిషే. కాగితం చూపించాను.

“ఏమప్పా, ఇన్నాళ్లకు దారి తెలిసిందా? ఇంత బాగా చేసేవాడివి, సుమ్నే, ఊరికే ఇంట్లో కూర్చుంటే ఎట్లా? బోర్డు మీద చెయ్యి, చూద్దాం.”

సుద్దముక్క తీసుకుని లెక్క నంబరు వేశాను. అందంగానే వేశాను.

“మిగతాది?”

“మిగతాది ఇంట్లో ఉండాది సార్.”

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు.

“ఇంట్లో ఎవరు చేస్తారు?”

“చెల్లెలు సార్. పదో క్లాసు.” ఇంకో జోకు వేద్దామని నోరు తెరిస్తే నిజం వచ్చింది.

“వచ్చే ఆదివారం పిలుచుకుని రా.”

ఈ సంగతి చెప్పగానే చెల్లెలు పుస్తకాలు దగ్గరికి లాక్కుంది. “నీ పేరు కొట్టేస్తారన్నా. ఇంక పుస్తకాలు రావు.” ఉన్నవి కూడా వెనక్కి తీసుకుంటారేమోనని, అప్పటికి చదవని పాఠాలన్నీ నోటుబుక్కుల్లోకి ఎత్తి రాయడం మొదలుపెట్టింది. శనివారానికి రెండు నోటుబుక్కులు నిండాయి.

ఆదివారం అది బోర్డు దగ్గర నిలబడి, తన అసలు చేతిరాతలో లెక్క చేసింది. సారు ఒక్కో వరసా చూశాడు. ఆఖరికి లేచి, పక్కనే తనూ చేశాడు. అదే జవాబు వచ్చింది.

“అచ్చులో కింద ఉండాల్సిన మూడు ఎగిరిపోయింది. వెనక జవాబు చూసి దిద్దేసినానమ్మా. నువ్వు చేసిందే సరి.”

అది సంతోషపడలేదు. “పుస్తకాలు వాపస్ ఇచ్చేయల్లా సార్?”

సారు కాసేపు సుద్దపొడి దులుపుకున్నాడు. “పుస్తకాలు మీ అన్నవి. ఇంట్లో ఎవరు చదివితే నాకేమి? అసైన్‌మెంటు మాత్రం ఇంక నువ్వు రాయొద్దు. ఆయప్ప పాట్లు ఆయప్పను పడనీ. నీ లెక్కలు విడిగా తీసుకురా, చూస్తా. మార్కులుండవు.”

“తప్పయితే చెప్తారా సార్?”

“చెప్తా.”

“యాడో కూడా?”

“యాడో కూడా.”

ఆ తర్వాత నా అసైన్‌మెంట్లు నేనే రాశాను. మార్కుల సంగతి అడగొద్దు. పరీక్ష పాసవకపోయినా పై సంవత్సరానికి పేరు రాయించుకోవచ్చని వాళ్ల రూల్లో ఇంకో మంచి వాక్యం ఉండేది. చెల్లెలికి పద్దెనిమిది నిండి సొంత పేరుతో చేరేదాకా నేను అట్లాగే పై తరగతులకు పోతూ వచ్చాను. ఆదివారాలు ఇద్దరం కలిసి బస్సెక్కేవాళ్లం. సారు హాజరు వేస్తే వెనక బెంచీ నుంచి నేను పలికేవాణ్ని. ప్రశ్న అడిగితే ముందు బెంచీ నుంచి అది పలికేది.