మునసబు సంతకం పెట్టిన హాబీ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆఫీసులు చాలావరకు డేరాల్లోనే నడిచేవి. అలాంటి ఒక డేరాకు మా బామ్మర్దిని గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఎస్సెల్సీ ప్యాసై కూడా అతను మా మామతోపాటు చేను చేసుకుంటున్నాడు. వరుసగా రెండేళ్లు వాన లేక చెనక్కాయ పంట చేతికి రాలేదు. ఈ ఉద్యోగం రాకపోతే కాడెద్దుల్ని అమ్మి, మద్రాసు పక్క కూలికి పోవడమేనని మామ తేల్చి చెప్పేశాడు.

అంతకుముందే అదే ఆఫీసుకు పోయి వచ్చిన ఒకతను రాయచోటి బస్టాండులో బామ్మర్దికి కనబడ్డాడు. "అన్నీ బాగానే చెప్పినానప్పా. కడాకు 'నీ హాబీ ఏమి?' అన్నారు. అదేందో తెలీక నోరు తెరుచుకుని నిలబడినా. అందర్నీ అదే అడుగుతాండారు" అని చెప్పాడట. బామ్మర్ది నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

మా చుట్టాల్లో ఏ ఇంగ్లీషు మాట వచ్చినా ముందు నా దగ్గరికే వచ్చేది. నేను బడికి పోయింది ఐదో తరగతి వరకే. పగలంతా చెనక్కాయల మండీలో మూటలు తూచేవాణ్ణి. సాయంత్రం కాళ్లు కడుక్కుని రాయచోటి గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడి తెలుగు పుస్తకాలన్నీ అయిపోయాక, మోయలేనంత లావు నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో దిగాను. ఒక్కో పేజీ దున్నినట్టే ఉండేది. అలా నేర్చిన చదువంటే నాకు ఇప్పటికీ గర్వమే.

ఆ సాయంత్రం ఇద్దరం నిఘంటువు తెరిచాం. బతుకుదెరువు కోసం కాక, తీరిక వేళ కేవలం ఇష్టం కొద్దీ చేసుకునే పనిని హాబీ అంటారని దాని సారాంశం. తపాలా బిళ్లలు కూడబెట్టడం, పూలమొక్కలు పెంచడం అని ఉదాహరణలు కూడా ఇచ్చారు. మామ ఇంటికి ఏడాదికొక ఉత్తరం వస్తే గొప్ప. తాగే నీళ్లకే మైలు దూరం నడిచే ఊళ్లో పూలమొక్కలకు నీళ్లు పోస్తే ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు. ఆ రెండూ కుదరవని నిఘంటువు మూసేశాం.

మరునాడు మామ ఇంటి అరుగు మీద పంచాయితీ పెట్టాం.

"ఎద్దుల్ని కడుగుతాడు. మురిపెంగా కడుగుతాడు" అన్నాడు మామ.

"అది పని మామా. హాబీ కాదు."

"మేకపిల్లల్ని సాకుతాడు."

"పెద్దయినాక అమ్ముతాం కదా. దుడ్లొచ్చేది పనికిరాదు."

"దుడ్లు రాని పని ఎవడు చేస్తాడు అల్లుడా? అట్లాంటోనికి సర్కారు ఉద్యోగం ఎందుకిస్తాది?"

"అదే మామా, వాళ్లు అడిగేది."

మామ నన్ను జాలిగా చూశాడు. ఇంతలో లోపల జొన్నరొట్టెలు కొడుతున్న నా భార్య గొంతెత్తింది. "వాడు చెక్కభజన చేయడంల్యా? ఆ చెక్కలు చేతికొస్తే అన్నం కూడా మరుస్తాడు."

మామ ఉలిక్కిపడ్డాడు. "దేవుని ముందర ఆడేదాన్ని సరదా అంటావా? కండ్లు పోతాయి."

బామ్మర్ది తల వంచుకుని, "నాకు సరదాగానే ఉంటాది నాయనా" అన్నాడు.

"దేవునికీ సరదాగానే ఉంటాదిలే" అంది నా భార్య. ఆ మాటతో హాబీ ఖాయమైంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మామకు ఇంకో అనుమానం వచ్చింది. నడవడికకు కాగితం అడిగారు, ఊరికి కాగితం అడిగారు. మరి దీనికి? "కాగితం లేకుండా నోటిమాట నమ్మేదానికి వాళ్లేమన్నా మన చుట్టాలా?" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. ముగ్గురం గ్రామ మునసబు ఇంటికి పోయాం.

మునసబు అంతా విని మీసం దువ్వుకున్నాడు. "నీ కొడుకు మంచోడని రాసిచ్చినా. ఈ ఊరోడేనని రాసిచ్చినా. ఈ హాబీని మాత్రం చూడకుండా ఎట్ల సంతకం పెట్టేది?"

"ఊరందరూ చూసిందే కదన్నా" అన్నాడు మామ.

"ఊరు చూసింది వేరు, మునసబు చూసేది వేరు. ఆడమను."

పట్టపగలు, తోడు ఇంకెవరూ లేకుండా, నడివీధిలో మా బామ్మర్ది చెక్కలు పట్టుకుని ఒక్కడే ఎగిరాడు. మొదట సిగ్గుపడినా, నాలుగు అడుగులు పడ్డాక ఈ లోకాన్నే మరిచాడు. మునసబు ఒకసారి కాదు, రెండుసార్లు ఆడించాడు. ఆ తర్వాత నేను చెబుతుంటే, ఫలానావారి కుమారునికి చెక్కభజన అనే హాబీ కలదని, తాను కళ్లారా చూశానని రాసి, సంతకం చేసి ముద్ర కొట్టాడు.

ఇంటర్వ్యూ ముగించుకుని వచ్చే రోజు బస్టాండులో కాచుకున్నాం. దిగీ దిగకముందే మామ అడిగాడు. "హాబీ అడిగినారా?"

"అడిగినారు. కాగితం ఇచ్చినా. పెద్దాఫీసరు చదివి పక్కాయనకిచ్చె. ఆయన నవ్వి నవ్వి అద్దాలు తీసి కండ్లు తుడుచుకుండె."

మామ మొహం వాడిపోయింది. "అయితే పాయె."

"ఉండు నాయనా. 'దీనికి మునసబు సంతకం ఎందుకయ్యా, నీ ఇష్టం నీది కదా' అనె. అబద్ధమనుకుంటారేమోనని తెచ్చినా సార్ అంటి. అయితే చూపించమన్నారు. చెక్కలు యాడివి? బల్ల మీద రెండు రూళ్లకర్రలుంటే అవే పట్టుకుంటి. పక్క డేరాల్లోంచి బంట్రోతులంతా వచ్చి చూసిరి."

"అంతేనా?"

"రోజూ ఆడతావా అని అడిగినారు. వానలు పడితే తీరిక ఉండదు సార్, రెండేండ్ల నుంచి మటుకు రోజూ ఆడతాండా అని చెప్తి."

ఆ మాటకు డేరాలో ఎవరూ నవ్వలేదట. పెద్ద ఆఫీసరు కాగితం మడిచి తిరిగి చేతిలో పెట్టి, భద్రంగా పెట్టుకో అన్నాడట.

నెల తిరక్కముందే ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. అరుగు మీద కూర్చుని దాన్ని మొదట ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చదివి వినిపించాను. జీతం ఎంతో, పని వేళలేమిటో చెప్పి, ఆదివారం సెలవన్నాను.

"ఆ పొద్దుకు జీతం కోస్తారా?" అన్నాడు మామ.

"కోయరు మామా. ఊరికే ఉన్నా ఇస్తారు."

ఆయన నమ్మలేక మళ్లీ చదవమన్నాడు. చదివాను. మామ ఎద్దుల వైపు తిరిగాడు.

"ఊరికేనా! మరి పొద్దంతా వాడేం చేస్తాడప్పా, పాపం?" అన్నాడు.